ఫిడేలు పీత – దాని కలుగు

పీత అనగానే మన శ్రోతలలో కొందరికి వంటయిల్లు జ్ఞాపకం వస్తుంది. కొందరికి పంచాంగంలోని కర్కాటక రాశి జ్ఞాపకం వస్తుంది. గోదావరి జిల్లాలలో పీత అన్నదానినే మరికొన్ని సీమలలో ఎండ్రకాయ అంటారు. ఏ పేరుతో పిలిచినా మనం ఎరిగినవి రెండే: ఒకటి, పులుసులోకి వచ్చే మండపీత, రెండవది, పొలం గట్టుకు కన్నం పెట్టి రైతుచేత తిట్లు తినే పొలం పీత. ఈ ప్రసంగంలో మేము చెప్పదలచినది ఈ రెండింటిలో ఏదీ కాదు. ఇది సంతకు రాదు. కూరకు పనికిరాదు. పెంకు వెడల్పు చూస్తే చాలా చిన్నది. సముద్రం శాంతించిన చోట, ఏరు ఉప్పునీటితో కలిసే చోట, బురదలో కలుగు తవ్వుకొని, రోజుకు రెండుసార్లు వచ్చిపోయే పోటును నమ్ముకొని బ్రతికే చిన్న ప్రాణి. మన దేశంలో దీనికి కావలసిన తావులు అనేకం ఉన్నవి గాని, తెలుగువారికి దగ్గరిది కోరింగ.

కాకినాడకు దక్షిణాన, గౌతమీ గోదావరి సముద్రాన్ని చేరే ప్రాంతంలో కోరింగ మడ అడవి ఉన్నది. 1978లో దీనిని వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల మొదలైన చెట్లు ఉప్పునీటిలో కాళ్లు పెట్టుకొని నిలిచి ఉంటవి. దీనికి ఎదురుగా, కాకినాడ అఖాతానికి అడ్డంగా, హోప్ ద్వీపమనే ఇసుక దిబ్బ సుమారు 16 కిలోమీటర్ల పొడవున పడుకొని ఉన్నది. బంగాళాఖాతపు అలల పొగరు ఆ దిబ్బ మీదనే సగం అణగిపోతుంది. అలలు అణగిన చోటనే గదా గోదావరి తెచ్చిన సన్నని ఒండ్రు అడుగుకు దిగేది! గట్టి అలలు కొట్టే తీరంలో ఇసుక మిగులుతుంది గాని బురద నిలవదు. బురద నిలవని చోట మన పీత లేదు.

ఒక కార్తీకమాసపు ఉదయాన ధ్వనిముద్రణ యంత్రం వెంటబెట్టుకొని మేము అక్కడికి వెళ్ళాము. మడ అడవి శబ్దాలతో ఒక కార్యక్రమం చేయాలన్నది మా సంకల్పం. ఆటు సమయం. పడవ ఒక పాయ ఒడ్డున ఆగింది. నీరు తీసిన బురద మేట మీద దూరాన వందల కొద్దీ తెల్లని, గులాబిరంగు చుక్కలు కదులుతూ కనిపించినవి. మేము ఉత్సాహంతో లేచి నిలబడ్డాము. ఒక్క క్షణంలో మేట ఖాళీ. చుక్కలు లేవు, కన్నాలు మాత్రం మిగిలినవి.

మా పడవ నడిపే పెద్దాయన నవ్వి, “కూర్చోండి బాబుగారూ. మీరు కదలకపోతే అవే వస్తాయండి” అన్నాడు. కూర్చున్నాము. పావుగంట గడిచింది. దోమల సంగతి శ్రోతలకు చెప్పనవసరం లేదు. మొదట ఒక కన్నంలో నుండి అగ్గిపుల్ల తలల వంటి రెండు కన్నులు పైకి వచ్చినవి. తర్వాత మరి రెండు. ఆ తర్వాత మేట అంతా మళ్ళీ కదలసాగింది.

మేము లేచినందుకు అవి అంతగా బెదరటంలో ఒక శాస్త్రం ఉన్నది. ఈ పీత కన్నులు పొడుగాటి కాడల చివర నిటారుగా నిలిచి ఉంటవి. చదునైన బురద మేట మీద బ్రతికే ప్రాణికి లోకమంతా ఒక గీత చేత రెండుగా చీలి ఉంటుంది. ఆ గీత దిగంతం. తనంతటి పీత ఏదైనా ఆ గీతకు దిగువనే కనపడుతుంది. కొంగ గాని, ఉల్లంకి పిట్ట గాని, మనిషి గాని గీతను దాటి పైకి కనపడతారు. అందుచేత ఫిడేలు పీతకు లెక్క సులభం: గీతకు దిగువ కదిలేది తోటి పీత, ఎగువ కదిలేది మృత్యువు. ఈ సంగతిని 1995లో మైకేల్ లాండ్, జాన్ లేన్ అనే శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి చూపారు. మనం ఎంత వంగినా వాటి దిగంతానికి ఎత్తే. కాబట్టి పెద్దాయన చెప్పినట్లు కదలకుండా ఉండటం ఒక్కటే మార్గం.

బయటకు వచ్చినవాటిలో మగదానిని గుర్తించటానికి శాస్త్రం అక్కరలేదు. ఆడపీత ముందు డెక్కలు రెండూ చిన్నవి, గరిటెల వంటివి. మగదానికి ఒకటి మాత్రమే చిన్నది. రెండవది తక్కిన దేహమంత వెడల్పున పెరిగి, శరీరపు బరువులో మూడవ వంతు మొదలు సగం దాకా తూగుతుంది. కొన్నింటికి ఇది కుడివైపున, కొన్నింటికి ఎడమవైపున ఉంటుంది. చిన్న డెక్కతో బురద తీసి నోటికి అందించుకొనేటప్పుడు అది పెద్ద డెక్కకు అడ్డంగా ముందుకూ వెనుకకూ ఆడుతుంది; వాయులీన విద్వాంసుడు కమాను లాగుతున్నట్లే కనపడుతుంది. అందుకే ఇంగ్లీషువారు దీనికి ఫిడేలు వాయించే పీత అని పేరు పెట్టారు. జపానువారు ‘షియోమనేకి’ అన్నారు. పోటును చేయెత్తి పిలిచేది అని అర్థం. ఈ రెండవ పేరు మాకు మరింత ఇంపుగా ఉన్నది. శాస్త్రజ్ఞులు ఒకప్పుడు వాడిన పేరు ‘గెలాసిమస్’. నవ్వు పుట్టించేది అని గ్రీకు అర్థం. తర్వాత చాలాకాలం ‘ఉకా’ అన్నారు. 2016లో ఆ ఒక్క ప్రజాతిని పదకొండుగా విడదీశారు. పీత మాత్రం మారలేదు.

అది తినే తీరు చూడదగ్గది. చిన్న డెక్కతో చిటికెడు బురద తీసి నోట పెట్టుకుంటుంది. నోటిలోని సన్నని నూగువంటి రోమాలు, మొప్పల గదిలో దాచుకున్న నీటి సహాయంతో ఆ బురదను కడిగి, రేణువులకు అంటుకున్న సూక్ష్మ జీవులను, కంటికి కనపడని నాచును వేరుచేసి మింగిస్తవి. మిగిలిన మన్ను చిన్న గుండుగా చుట్టి క్రింద పెడుతుంది. కలుగు నుండి ఒక వరుసలో బయలుదేరి, తింటూ పోయి, తిరిగి వచ్చి, మరొక వరుసలో పోతుంది. అందువల్ల రెండు గంటలు గడిచేసరికి కన్నం చుట్టూ సూర్యకిరణాల వలె ఆవగింజలంత గుండ్ల బారులు ఏర్పడతవి. పోటు వచ్చి చెరిపివేసేదాకా ఆ ముగ్గు అలాగే ఉంటుంది. ఇక పెద్ద డెక్క తినటానికి ఏమాత్రం పనికిరాదు. ఆడది రెండు చేతులా తినగా మగది ఒంటిచేతితో తిని బ్రతకాలి. పీత కష్టాలు పీతవి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇంతకూ ఈ ప్రాణి సంసారమంతా ఆ కన్నంలోనే ఉన్నది. కలుగు సాధారణంగా జానెడు మొదలు మూరెడు లోతు వరకు పోయి, అడుగున ఒక ప్రక్కకు ఒంగి ఉంటుంది. అడుగున ఊటనీరు తగులుతుంది. పీత మొప్పలతో ఊపిరి తీసే జంతువు; మొప్పలు తడిగా ఉండాలి. ఎండలో తిరిగి తిరిగి నీరు ఇంకిపోగానే ఒకసారి లోపలికి దిగి నింపుకొని వస్తుంది. పైన మేట కాలుతూ ఉంటే లోపల చల్లగా ఉంటుంది. కొంగ వస్తే కోట. పెండ్లికి గది. పోటు వచ్చేముందు పీత బురద ముద్ద ఒకటి తెచ్చి, లోపలికి దిగి, తలుపు వలె కన్నానికి అడ్డం వేసుకుంటుంది. బారెడు నీరు మీదుగా పోయినా లోపల కొంత గాలి నిలిచి ఉంటుంది. ఆటు రాగానే తలుపు తోసుకొని బయటకు వస్తుంది.

పోటు తీసిన సంగతి దానికి ఎవరు చెప్పాలి? ఎవరూ చెప్పనవసరం లేదని తేలింది. సముద్రానికి దూరంగా, వెలుతురు మారని గదిలో ఉంచినా, ఈ పీతలు తమ తీరంలో ఆటు వచ్చే వేళలకే హడావిడి పడతవని 1950లలో అమెరికాలో ఫ్రాంక్ బ్రౌన్, ఆయన సహచరులు గమనించారు. పోటు వేళ దినదినం సుమారు 50 నిమిషాలు వెనుకకు జరుగుతుంది గదా! ఆ జరుగుబాటు కూడా వాటి లోపలి గడియారంలో ఉన్నది. అంతకుముందు 1948లోనే బ్రౌన్, మార్గరీట్ వెబ్ మరొక సంగతి ప్రకటించారు. చీకటి గదిలో సైతం ఈ పీత ఒంటిరంగు పగటి వేళకు ముదురుతుంది, రాత్రి వేళకు పాలిపోతుంది. అంటే చంద్రుని గడియారం ఒకటి, సూర్యుని గడియారం ఒకటి, రెండూ ఆ గోరంత దేహంలోనే నడుస్తున్నవి.

మరి తిండికి పోయిన పీతకు తన కన్నం ఏదో ఎట్లా తెలుస్తుంది? మేట మీద కన్నాలు వేలు. అన్నీ ఒక్కతీరు. పైగా అది కన్ను నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున ఉన్న ప్రాణి. మూరెడు దూరం పోతే తన కన్నం తనకే కనపడదు. మేము గమనించినంతలో ఏ పీతా వెతుక్కోలేదు. మేము చేయి కదిపితే చాలు, బాణం వేసినట్లు ఇంటికి పోయింది. దీని రహస్యం అడుగుల లెక్క. ఎటు ఎన్ని అడుగులు వేసినదో పీత తనలో కూడుకుంటూ, తీసివేసుకుంటూ ఉంటుంది. ఎంత దూరం పోయినా దేహాన్ని ఒక ప్రక్క ఇంటివైపుకు ఉండేటట్లు త్రిప్పుకుంటుంది. పీత ప్రక్కకు గదా పరుగెత్తేది! శాస్త్రజ్ఞులు ఒక పలుచని పలక మీదికి పీత వచ్చేదాకా ఆగి, ఆ పలకను మెల్లగా ప్రక్కకు లాగి, తర్వాత దానిని బెదరించారు. పీత అసలు కన్నానికి పోలేదు. పలక లాగకపోతే కన్నం ఎక్కడ ఉండవలసినదో సరిగా అక్కడికి పోయి, ఏమీ లేని బురద మీద నిలిచి తడుముకొన్నది. దానిని చూసి నవ్వాలో జాలిపడాలో తెలియదు.

ఇక ఆ పెద్ద డెక్క సంగతి. ‘ఇన్వెస్టిగేటర్’ అనే సర్వే నౌక మీద వైద్యుడుగాను, ప్రకృతి శాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ ఆల్కాక్ మన సముద్రాలలోని పీతలను ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఫిడేలు పీతలలో ‘అన్యులిపెస్’ అనే జాతి నడవడిని గురించి 1892లో ఆయన ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. పెద్ద డెక్క పోరుకు ఆయుధం, ఆడదానికి పిలుపు అని అందులో వ్రాశాడు. ఆయన చూసినది నిజమే. ఆడపీత దారిన పోతూ ఉంటే, చుట్టుప్రక్కల మగవన్నీ తమ తమ కన్నాల ముందు నిలిచి డెక్క ఎత్తి దించుతవి. ఆశ్చర్యమేమంటే, దగ్గర దగ్గరగా ఉన్నవి తరచు ఒకే తాళంలో ఊపుతవి. మేము మొదట దీనిని బృందగానమనుకొన్నాము. 1998లో ఇదే జాతిని పరిశీలించిన పట్రీషియా బాక్‌వెల్, ఆమె సహచరులు చెప్పినది వేరు. అది పొత్తు కాదు, పోటీ. తోటివానికంటె ఒక రవ్వ ముందుగా ఎత్తినవానివైపే ఆడది మొగ్గుతుంది. అందరూ ముందు ఎత్తవలెననే తొందరలో తాళం కలుస్తుంది!

మరొక సంగతి కూడా వారే బయటపెట్టారు. పోరులో డెక్క ఊడిపోతే మళ్ళీ మొలుస్తుంది. అయితే ఇట్లా రెండవసారి మొలిచినది చూడటానికి పొడుగ్గానే ఉంటుంది గాని లోపల కండ తక్కువ, పళ్ళు ఉండవు, తేలిక. పోరుకు పనికిరాదు. అయినా ఎదుటివానికి ఆ భేదం కనపడదు. మొజాంబిక్ తీరంలో కొన్ని చోట్ల మగవాటిలో నూటికి నలభై దాకా ఇటువంటి బూటకపు డెక్కలవే ఉన్నట్లు 2000లో ప్రకటించారు. ఎత్తి చూపినంత సేపు గౌరవమే; నిజంగా పెనుగులాటకు దిగితేనే బండారం బయటపడేది.

ఆడపీత డెక్కను చూసి దగ్గరకు వస్తుంది గాని, డెక్కను చూసి వరించదు. కలుగులోనికి దిగి చూసి వరిస్తుంది. కాలిఫోర్నియా తీరపు జాతిలో ఒక ఆడది నూరుకు పైగా కలుగులు పరీక్షించిన సందర్భం నమోదై ఉన్నది. పెండ్లిచూపులకు వెళ్ళి ఇల్లూ వాకిలీ చూసి వచ్చే మన పెద్దలు కూడా ఇంత ఓపిక పట్టరు. ఇందులో ఉన్నది చాదస్తం కాదు. నచ్చిన కలుగులో అది దాదాపు రెండు వారాలు గ్రుడ్లను పొట్ట క్రింద పెట్టుకొని కూర్చోవాలి. ఆ గ్రుడ్లు సరిగా అమావాస్య లేక పౌర్ణమి ముందువెనుకల వచ్చే పెద్ద పోటునాటికి పక్వం కావాలి. అప్పుడే రాత్రిపూట, నీరు వెనుకకు తీసే వేళ, పిల్లలను వదలితే అవి చేపల నోటబడకుండా సముద్రంలోకి పోతవి. కలుగు కొలతలను బట్టి లోపలి వెచ్చదనం మారుతుంది. వెచ్చదనాన్ని బట్టి గ్రుడ్లు త్వరగానో ఆలస్యంగానో పక్వమవుతవి. కనుక కన్నం కొలతే ముహూర్తం. ఎన్నో కలుగులు దిగి ఎక్కేది అందుకే. సముద్రంలోకి పోయిన పిల్లలు తల్లి పోలిక లేని నలుసులు. కొన్ని వారాలు తేలాడి, పలుమార్లు కుబుసం విడిచి, బ్రతికిన కొద్ది భాగం మళ్ళీ ఏదో ఒక బురద మేటకు పోటుతో వచ్చి చేరుతవి.

ఇంతవరకు కలుగు పీతకు ఏమి చేస్తున్నదో చెప్పాము. ఆ కలుగు బురదకు ఏమి చేస్తున్నదన్నది అంతకంటె పెద్ద సంగతి.

మడ అడవిలో బురదను వ్రేలితో కెలికి చూడండి. పైన పలుచని గోధుమరంగు పొర. దాని క్రింద కాటుకవంటి నలుపు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఒండ్రు అతి సన్నని మన్ను గనుక గాలి లోపలికి దిగదు. దిగిన కొద్దిపాటి ప్రాణవాయువును పైపొరలోని సూక్ష్మజీవులే వాడివేస్తవి. లోపల గాలి అక్కరలేని సూక్ష్మజీవులు గంధకపు విషవాయువును పుట్టిస్తవి. చెట్ల వేళ్ళకు అది శత్రువు. మడచెట్లు బురదలో నుండి ఊపిరివేళ్ళను మేకుల వలె పైకి పంపేది ఈ బాధకే. ఇప్పుడు ఒక పీత కలుగును నిలువునా కోసి చూస్తే, ఆ నల్లని బురదలో కన్నం గోడ చుట్టూ తుప్పురంగు గీత కనపడుతుంది. అది నిజంగా తుప్పే. ప్రాణవాయువు సోకిన ఇనుము. పీత త్రవ్విన దారినే ఆటు వేళ గాలి, పోటు వేళ క్రొత్త నీరు లోపలికి దిగుతున్నవి. నల్లని అడుగు మన్నును పైకి తెచ్చి పోస్తుంది. పై మన్ను కన్నంలోనికి జారుతుంది. నాగలి లేని నేలకు ఇదే దుక్కి.

ఈ మాటకు నిదర్శనం ఉన్నది. 1985లో మార్క్ బెర్ట్‌నెస్ అనే శాస్త్రజ్ఞుడు అమెరికాలోని న్యూ ఇంగ్లండు ప్రాంతపు ఉప్పుగడ్డి మేటలలో కొంతచోట ఫిడేలు పీతలను తొలగించి చూశాడు. ఒక్క కాలంలోనే గడ్డి పెరుగుదల సగానికి దగ్గరగా తగ్గింది. 1991లో స్మిత్, ఆయన సహచరులు ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్ మడ అడవిలో అటువంటి ప్రయోగమే చేశారు. అక్కడివి ఫిడేలు పీతలు కావు, వాటి దాయాదులు. కలుగు తవ్వే పని మాత్రం ఒకటే. పీతలు లేని మడులలో నేలలోని గంధక, అమ్మోనియం లవణాలు హెచ్చినవి. చెట్ల పెరుగుదల, కాపు తగ్గినవి. అంటే మడచెట్టు పీతకు నీడనిస్తున్నదని మనం అనుకుంటూ ఉంటే, చెట్టు కూడా పీత పెట్టిన గాలినే పీలుస్తున్నదన్న మాట.

ఈ వ్యవహారం మనకు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మన తీరంలో 1980ల చివరి నుండి రొయ్యల చెరువులు విరివిగా లేచినవి. చెరువుకు కట్ట వేస్తే పోటు ఆగుతుంది, పోటు ఆగితే మేట ఎండి ఉప్పు పేరుతుంది, పీత ఉండదు. తీర మండలంలో ఇటువంటి చెరువులను నిషేధిస్తూ 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాదాపు ఆ కాలంలోనే, గోదావరి, కృష్ణా డెల్టాలలో ఎండి చౌడుబారిన మడనేలలను బాగుచేయటానికి అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ కలిసి ఒక పద్ధతి చేపట్టినవి. ఏటి పాయ నుండి ఒక పెద్ద కాలువ, దానికి రెండు ప్రక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు, చేపముల్లు ఆకారంలో త్రవ్వటమే ఆ పద్ధతి. వాటి గుండా పోటునీరు నేలలోనికి వచ్చి పోతూ ఉప్పును కడుగుతుంది. ఆ తర్వాత మడమొక్కలు నాటుతారు. పలుగులు, పారలు పట్టి మనుషులు ఎంతో శ్రమపడి చేసిన ఈ పని, నీటికి బురదలోనికి దారి చేయటమే. చిన్న ఎత్తున, కూలి లేకుండా, రోజుకు రెండుసార్లు అదే పని చేసేవారు అక్కడ పూర్వం ఉండేవారు. నీరు తిరిగి వచ్చిన చోటికి వారు కూడా తిరిగి రాగలరు. లార్వాలు పోటు వెంటనే గదా వచ్చేది.

మా ధ్వనిముద్రణ సంగతి చెప్పలేదు. ఫిడేలు పీత ఫిడేలు వాయించదు. కొన్ని జాతులు మాత్రం రాత్రివేళ ఆడపీతకు డెక్క కనపడదు గనుక, కన్నం వాకిట నేలను డెక్కతో దరువు వేసి పిలుస్తవి. మేము వెళ్ళినది పగలు కాబట్టి ఆ దరువు మాకు దొరకలేదు. మైకును బురదకు జానెడు ఎత్తున పట్టి కూర్చున్నాము. నీరు తీసిన మేట అంతటా సన్నగా చిటపటమనే చప్పుడు వినపడింది. కన్నాల నీటిలో బుడగలు విరిగే చప్పుడు, కాళ్ళు బురదను గీకే చప్పుడు, దూరాన కొంగ కూత. పదకొండు గంటలకు పాయలో నీరు మళ్ళీ లేవటం మొదలయింది. ముద్రణ యంత్రం ఆపవద్దని చెప్పి చూస్తూ ఉన్నాము. మేట అంచున ఉన్న ఒక మగపీత తన డెక్కను ముడుచుకొని, బురద ముద్ద ఒకటి దొర్లించుకుంటూ వచ్చి, ప్రక్కగా కన్నంలోకి దిగి, ముద్దను లోపలి నుండి లాగుకొన్నది. కన్నం ఉన్న గురుతే లేదు. “ఇక లేద్దామండి, పడవ తేలింది” అన్నాడు పెద్దాయన.